గులాబి అనే తెల్లకోడి

"ఎప్పుడు కోద్దామనుకుంటున్నారు?" చేతులకు గ్లౌజులు తొడుక్కుంటూ అడిగింది డాక్టర్ సుకన్య.

సాయితేజ ముఖం మాడిపోయింది. "కోసుడేంది మేడం?"

"బ్రాయిలర్ కదండీ ఇది. ఇంత బరువు పెరిగాక కాళ్లు ఆగవు. మందులు వాడితే కొన్నాళ్లు దాని మాంసం తినకూడదు. అందుకని అడిగాను."

"మేడం, మీ ఇంట్ల మనిషిని దవాఖానకు తోల్కపోతే, పాడె ఎప్పుడు కడ్తరని అడిగితే ఎట్లుంటది?"

సూర్యాపేట అరవై ఫీట్ల రోడ్డులో ఉన్న ఆ చిన్న క్లినిక్‌లో అందరి తలలూ ఇటు తిరిగాయి. ఒళ్లో కుక్కపిల్లతో కూర్చున్న ఒకావిడ మాత్రం కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

సుకన్య బల్ల మీదున్న టమాటాల ట్రే వైపు చూసింది. ట్రే నిండా ఒకటే కోడి. తెల్లగా, చిన్నపాటి దిండులా ఉంది. ఐదు కిలోల పైమాటే. ఆ కోడి ఇక్కడి గొడవంతా తనది కాదన్నట్టు మెడ చాపి, సాయితేజ మణికట్టు మీద తల వాల్చి కళ్లు మూసుకుంది.

సుకన్య పుట్టింది కోదాడలో, బ్రాయిలర్ షెడ్ల పక్కనే. ఇలాంటి కోళ్లు బండ్లెక్కి వెళ్లడం చిన్నప్పట్నుంచీ చూస్తూనే ఉంది. కానీ మనిషి చెయ్యి మీద తల పెట్టుకుని నిద్రపోయిన కోడిని చూడటం ఇదే మొదలు.

"సారీ," అంది నెమ్మదిగా. "పేరు?"

"సాయితేజ."

"మీది కాదండీ. కోడిది."

"గులాబి."

"తెల్లగా ఉందిగా?"

"అది పెద్ద కథ మేడం," అన్నాడు. కోపం ఇంకా పూర్తిగా దిగలేదు.

ఆమె కోడి కాలు పైకెత్తి చూసింది. అరికాలి కింద పుండు. బరువు మోయలేక పడిన పుండు. కడిగి, మందు రాసి, మెత్తటి దూది పెట్టి కట్టు కట్టింది. గులాబి గింజుకోలేదు. గొంతులో ఏదో సన్నగా కూనిరాగం తీసింది.

కట్టు కట్టేలోపు ఆ పెద్ద కథ బయటికొచ్చింది.

సాయితేజ కరెంటు ఆఫీసులో జూనియర్ లైన్‌మన్. ఊరు మోతె. మిర్యాలగూడలో ఇచ్చిన అక్క నాగరాణి బిడ్డతో పుట్టింటికి వచ్చినప్పుడు, సూర్యాపేట బస్టాండు దగ్గర అట్టపెట్టెలో రంగులద్దిన కోడిపిల్లలు అమ్ముతుంటే పిల్ల ఏడ్చి రెండు కొనిపించుకుంది. ఒకటి గులాబి రంగు, ఒకటి పచ్చ. సెలవులయ్యాక పిల్ల వెళ్లిపోయింది. కోడిపిల్లలు ఉండిపోయాయి. రంగు పోయింది. పేర్లు పోలేదు. అవి పెరిగాయి, పెరిగాయి, ఇంట్లో అందరూ నోరు తెరిచేంత పెరిగాయి.

"పచ్చోడు మొన్న వేసంగిల పోయిండు. మేత తింటనే ఎల్లెల్కల పడ్డడు."

"గుండె," అంది సుకన్య.

"అప్పటిసంది మా నాయిన దీన్ని ఇడిచిపెట్టి ఎటూ పోతలేడు. దీనికేమన్న అయితే..." అని ఆగిపోయాడు.

ఆమె గ్లౌజులు తీసేసింది. "బస్సులో, బైకు మీద తిప్పకండి. కుదుపులు తట్టుకోదు. ఆదివారం నేనే వస్తాను."

"మీరా? మోతెకా?"

"ఏం, మీ ఊరికి డాక్టర్లు రాకూడదా?"

"వస్తరు గని, ఎప్పుడు కోస్తరని అడుగకుంట వస్తే మంచిగుంటది."

సుకన్య నవ్వు ఆపుకోలేకపోయింది. సాయితేజ కూడా తల వంచుకుని నవ్వాడు. కుక్కపిల్ల ఆవిడ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

* * *

ఆదివారం ఆమె వెళ్లేసరికి సాయితేజ తండ్రి సోమయ్య రేకుల వసారాలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఆ ఇంటి వెనక పెద్ద దొడ్డి. దాని గేటు మూసి ఉంది. లోపల గడ్డి మొలిచింది.

సోమయ్యది తాతల నాటి గొర్ల కాపరి కుటుంబం. పెద్ద మంద ఉండేది. ఒక వానాకాలం నీలినాలుక రోగం తగిలి, మూతులు వాచి, నడవలేక, గొర్లు గుంపులు గుంపులుగా పడిపోయాయి. మిగిలిన నాలుగింటినీ అమ్మేశాడు. ఆ తర్వాత మంచం మీద కూర్చున్నాడు. జబ్బేమీ లేదు. మాట్లాడటం మానేశాడు, అంతే. భార్య లక్ష్మీనర్సమ్మ అన్నం పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు.

అలాంటి మనిషి ఈ కోళ్లతో మాట్లాడటం మొదలుపెట్టాడు.

సుకన్య చూస్తుండగానే ఆయన లేచి నీళ్లకుండ దగ్గరికి నడిచాడు. గులాబి నిండుచూలాలిలా అటూ ఇటూ ఊగుతూ, కట్టు కట్టిన కాలు ఈడ్చుకుంటూ వెనకే వెళ్లింది. ఆయన తిరిగొచ్చి కూర్చుంటే అది ఆయన కాళ్ల మధ్య చేరి, పైకి ఎక్కించుకోమని ముక్కుతో పంచె లాగింది.

"గొర్లు నా ఎంబడి వచ్చినయంటే మేత కోసం వచ్చినయ్ బిడ్డా," అన్నాడు సోమయ్య, దాన్ని ఒళ్లోకి తీసుకుంటూ. "ఇది కడుపు నిండినంక గూడ నా కాడికే వస్తది. ఎందుకొస్తదో నాకు సమజ్ కాదు."

గుమ్మంలో నిలబడిన లక్ష్మీనర్సమ్మ కళ్లొత్తుకుంది. కొత్త మనిషితో ఆయన అన్ని మాటలు మాట్లాడి ఎన్నాళ్లయిందో.

సుకన్య మేత సంగతి చెప్పింది. గింజలు బాగా తగ్గించాలి. ఆకుకూరలు ఎక్కువ పెట్టాలి. పడుకునే చోట వరిపొట్టు మందంగా పరవాలి. ఎత్తు మీంచి దూకనివ్వకూడదు.

"ఆకలితోటి మాడ్సమంటవా?" అన్నాడు సోమయ్య గట్టిగా.

"ఇది పుట్టిందే తొందరగా పెరగడానికి. దానికి ఆకలి ఆగదు పెద్దయ్యా. మనమే ఆపాలి. లేకపోతే దాని ఒళ్లే దాన్ని చంపుతుంది."

ఆయన చాలాసేపు గులాబి వీపు నిమిరాడు. "మీ నాయిన ఏం జేస్తడు?"

సుకన్య ఒక్క క్షణం తటపటాయించింది. "కోదాడలో బ్రాయిలర్ షెడ్లు ఉన్నాయి."

సాయితేజ గాభరాగా తండ్రి వైపు చూశాడు. సోమయ్య మాత్రం తల ఊపాడు.

"మంచిదే. నేను గూడ పొట్టేలు తాడు కసాయోని చేతికిచ్చినోన్నే. అండ్ల తప్పేం లేదు. గని, బతికినన్నొద్దులు దాన్ని సల్లగ సూడాలె."

* * *

కాలి పుండు మానింది. అయినా ఆదివారాలు ఆగలేదు.

"ఇవాళ ఏం చూడ్డానికొచ్చిండ్రు మేడం?" అనేవాడు సాయితేజ.

"బరువు."

"నాదా, గులాబిదా?"

"నీకు తూకం అక్కర్లేదు. నీ మాటలకే బరువు లేదు."

ఆమె కోదాడ మాటను అతను వెక్కిరించేవాడు. "ఏంటండీ, ఎందుకండీ" అని సాగదీసేవాడు. అతని "గీడ, గాడ"లను ఆమె అప్పజెప్పేది. మధ్యలో గులాబి ఎవరి చెప్పుల మీద ఎండ పడితే వాళ్ల చెప్పుల మీద కూర్చునేది. అది లేచేదాకా వాళ్లు కదలడానికి వీల్లేదు. ఒక్కోసారి అందుకే ఇద్దరూ చాలాసేపు పక్కపక్కన నిలబడిపోయేవారు.

ఒకరోజు ఉన్నట్టుండి వాన దిగింది. గులాబి పెరట్లో మధ్యన ఉంది. పరుగెత్తలేదు. ఎగరలేదు. ఉన్నచోటే కూలబడి తడుస్తూ అరిచింది. ఇద్దరూ ఒకేసారి ఉరికారు. చెరో వైపు పట్టుకుని, వసారా చూరు కిందికి తెచ్చేసరికి ముగ్గురూ ముద్దయిపోయారు.

గులాబి ఇద్దరి మధ్యా నిలబడి ఒళ్లు విదిలించుకుంది. ఆ చినుకులు సుకన్య ముఖం మీద పడ్డాయి. ఆమె తుడుచుకోలేదు.

"మేడం," అన్నాడు సాయితేజ. "దీని గుండె మంచిగున్నదన్నరు కదా. నా గుండె గూడ జర సూడుండ్రి. మీరొస్తే ఆగుతలేదు, పోతే కొట్టుకుంటలేదు."

"నేను మనుషుల డాక్టర్ని కాదు."

"అందుకే మీ కాడికొచ్చిన. మనుషుల డాక్టర్‌కు ఇది సమజ్ కాదు."

ఆమె నవ్వింది. వెంటనే ఆ నవ్వు ఆగిపోయింది. "సాయీ, మా ఇంట్లో ఒప్పుకోరు."

"నువ్వు ఒప్పుకున్నవా?"

ఆమె వాన వైపు చూస్తూ, తడిసిన గులాబిని నిమురుతున్న అతని చేతి మీద తన చెయ్యి పెట్టింది.

* * *

కోదాడలో అప్పటికే ఒక సంబంధం మాట నడుస్తోంది. మిర్యాలగూడలో రైస్ మిల్లులున్న వాళ్లు. తమ కులం, తమకు తెలిసిన కుటుంబం. సుకన్య తండ్రి వెంకటేశ్వర్లుకు నచ్చింది. మాట ముదరక ముందే సుకన్య తండ్రి ఎదురుగా కూర్చుని సంగతంతా చెప్పింది.

ఆయన అరవలేదు. "ఇల్లు చూసొస్తాను," అన్నాడు.

భార్య ఆండాళును వెంటబెట్టుకుని కారులో మోతె వచ్చాడు. లక్ష్మీనర్సమ్మ కుర్చీలు తుడిచి వేసింది. సోమయ్య లేచి దండం పెట్టాడు. ఒళ్లోంచి గులాబి జారి, కొత్త మనిషి దగ్గరికి తొణక్కుండా నడిచి, ఆయన బూట్ల మీద కూర్చుంది.

వెంకటేశ్వర్లు దాన్ని చూసి చిన్నగా నవ్వాడు. ఆ నవ్వు బాగాలేదు.

"మా షెడ్డులో అయితే రెండో నెల చూడదు ఇది. దీన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని పెంచుతున్నారా? డాక్టరు చదివిన నా కూతురు ఈ ఇంటికొచ్చి చేసేదేంటి? దీని కాలికి కట్లు కట్టడమా?"

"నాన్నా!" అంది సుకన్య.

"నువ్వాగు. సోమయ్య గారూ, ఉన్నమాట చెప్తున్నా. గొర్లు కాసిన ఇంటికి పిల్లనిచ్చానంటే మా వాళ్లలో నేను తలెత్తుకోలేను."

సాయితేజ ముందుకు కదిలాడు. సోమయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. వంగి, వెంకటేశ్వర్లు బూట్ల మీంచి గులాబిని మెల్లగా ఎత్తుకున్నాడు.

"మీ ఇష్టం పటేలా," అన్నాడు. "ఎండ బాగున్నది. మంచినీళ్లు తాగి పోండ్రి."

వాళ్లు తాగకుండానే వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం సుకన్య ఫోన్ చేసింది. ఏడుపు గొంతు. "లేచిపోయి రాను సాయీ. మా నాన్నని అలా చెయ్యలేను. కానీ ఇంకొకరిని చేసుకోను."

"నేనేమన్న లేచిపోదామన్ననా?" అన్నాడతను. "నువ్వు ఉన్నకాడనే ఉండు. నేను గూడ ఉన్నకాడనే ఉంట."

మిర్యాలగూడ వాళ్ల మాట వాయిదాలు పడుతూ వచ్చింది. ఇంట్లో తండ్రీకూతుళ్ల మధ్య మాటలు తగ్గిపోయాయి.

* * *

ఎండలు ముదిరే ముందు గులాబి చనిపోయింది.

పొద్దున్నే సోమయ్య ఒళ్లోనే ఉంది. ఎప్పటిలాగే కూనిరాగం తీసింది. కాసేపటికి అది ఆగింది. నిద్రపోయిందనుకుని ఆయన కదలకుండా కూర్చున్నాడు. లక్ష్మీనర్సమ్మ వచ్చి పిలిచేదాకా అలాగే ఉన్నాడు.

సుకన్య క్లినిక్ మూసి వచ్చింది. దొడ్డి గోడ పక్కన సాయితేజ గొయ్యి తవ్వాడు. సోమయ్య తన భుజం మీది తువ్వాల తీసి గులాబి మీద కప్పాడు. మట్టి వేశాక కూడా చాలాసేపు అక్కడే నిలబడ్డాడు.

"మీరు చూసుకున్నందుకే ఇన్నాళ్లు బతికింది పెద్దయ్యా," అంది సుకన్య.

ఆయన వెళ్లి మంచం మీద కూర్చున్నాడు.

ఆ రోజు నుంచి మళ్లీ ఆయన నోరు పెగల్లేదు. సాయితేజ డ్యూటీకి పోతూ ఒకసారి, వచ్చాక ఒకసారి తండ్రి ముఖం చూసేవాడు. మంద పోయినప్పటి ముఖమే. ఇంకో కోడిని తెస్తానంటే వద్దని చెయ్యి ఊపాడు. అమ్మకు కనబడకుండా వసారా స్తంభం చాటున నిలబడి సాయితేజ కళ్లు తుడుచుకున్న రోజులున్నాయి.

మే నెలలో ఒక మధ్యాహ్నం. సాయితేజ అన్నానికి ఇంటికొచ్చి ఉన్నాడు. ఫోన్ మోగింది. సుకన్య.

"సాయీ, షెడ్లలో కరెంటు పోయింది. జనరేటర్ స్టార్ట్ కావట్లేదు. ఫ్యాన్లు, నీళ్లు చిమ్మే ఫాగర్లు అన్నీ ఆగిపోయాయి. కోళ్లు చచ్చిపోతున్నాయి... వేలల్లో పోతున్నాయి. పనివాళ్లు సరిపోవట్లేదు. నాన్న షెడ్డు మధ్యలో నిలబడిపోయారు. కదలట్లేదు."

ఫోన్‌లో ఆమె మాటలు వసారా అంతా వినబడ్డాయి. సాయితేజ బైకు తాళాలు తీసుకునేసరికి వెనక మంచం కిర్రుమంది.

సోమయ్య లేచి నిలబడి, తలకు తువ్వాల చుట్టుకుంటున్నాడు.

"పోదాం పా," అన్నాడు.

"నాయినా, ఈ ఎండల నువ్వెందుకు?"

"నడు, బండి తియ్యి."

* * *

వాళ్లు కోదాడ చేరేసరికి షెడ్డంతా తెల్లగా పరుచుకుని ఉంది. ఇంకో వారంలో బండెక్కాల్సిన పెద్ద కోళ్లు. ఎక్కువ భాగం చచ్చిపోయాయి. మిగిలినవి నోళ్లు తెరిచి, రెక్కలు చాచి రొప్పుతున్నాయి. వేడి గాలికి వాసన కలిసి ఊపిరాడటం లేదు. సుకన్య బకెట్లతో నీళ్లు మోస్తోంది. ఆండాళు కొంగు నడుముకు చుట్టి గోనెసంచులు తడుపుతోంది.

సోమయ్య ఎవర్నీ ఏమీ అడగలేదు. నీళ్ల తొట్టి దగ్గర గొంతుక్కూర్చున్నాడు. ప్రాణమున్న కోడిని తెచ్చి, తల పైకి పట్టుకుని, ఒళ్లు నీళ్లలో ముంచి, నీడన పెట్టాడు. ఇంకోటి. మళ్లీ ఇంకోటి. సాయితేజ, సుకన్య ఏరి తెస్తుంటే ఆయన ముంచుతూ పోయాడు. కొన్ని ఆయన చేతిలోనే పోయాయి. వాటినీ విసిరెయ్యలేదు, పక్కన పెట్టాడు. "పా బిడ్డా, పా. ఊపిరి తీసుకో," అని ప్రతి కోడితోనూ గొణుగుతూనే ఉన్నాడు.

ఎండ వాలాక కరెంటు వచ్చింది. ఫ్యాన్లు తిరిగాయి. అప్పటికి బతికినవి షెడ్డులో ఒక మూలకు సరిపోయాయి.

వెంకటేశ్వర్లు గోడకానుకుని కింద కూర్చుని ఉన్నాడు. చొక్కా మట్టి కొట్టుకుపోయింది. చుట్టూ చనిపోయిన కోళ్లను ఎలా తీయించాలో కూడా చెప్పలేకపోతున్నాడు. సోమయ్య వెళ్లి ఆయన పక్కనే చతికిలబడ్డాడు.

వెంకటేశ్వర్లు తలెత్తి చూశాడు. "మీరెందుకొచ్చారు? మీ ఇంటికొచ్చి నేనన్న మాటలు..."

"మాటల సంగతి వేరే. నా మంద పోయిన నాడు ఊరంత వచ్చిన్రు. ఎన్ని పోయినయని అడిగి ఎవలింటికి వాళ్లు పోయిన్రు. పక్కకు కూసున్నోడు ఒక్కడు లేడు. గందుకొచ్చిన."

వెంకటేశ్వర్లు మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడ్చాడు. సుకన్య తన తండ్రి ఏడవటం ఎప్పుడూ చూడలేదు. దగ్గరికి వెళ్లబోతే సాయితేజ వద్దని సైగ చేశాడు.

సోమయ్య ఏ ఓదార్పూ చెప్పలేదు. వెంకటేశ్వర్లు లేచేదాకా పక్కనుంచి కదలలేదు, అంతే.

* * *

తొలకరి పడ్డాక, ఒక ఉదయం మోతెలో సోమయ్య ఇంటి ముందు కారు ఆగింది.

వెంకటేశ్వర్లు దిగాడు. వెనక ఆండాళు, సుకన్య. ఆయన చేతుల్లో తువ్వాల పరిచిన గంప ఉంది. అందులో బలిసిన పుంజు ఒకటి, తల బయటికి పెట్టి ఊరంతా చూస్తోంది.

"ఆ రోజు మీరు నీళ్లలో ముంచి బతికించినవాటిలో ఇదొకటి," అన్నాడు, ఎలా చెప్పాలో తెలియనట్టు. "మిగతావి బండెక్కించాను. ఇది మాత్రం నేను షెడ్డులోకి వెళ్తే చాలు, కాళ్లకు అడ్డం పడుతోంది. మొన్న కుర్చీలో కూర్చుంటే వచ్చి పాదాల మీద కూర్చుంది. లేవలేకపోయాను. బండి వచ్చింది, పోయింది. అలాగే కూర్చున్నాను."

సోమయ్య గంప అందుకున్నాడు. పుంజును బయటికి తీసి, కాళ్లు చూసి, రొమ్ము తడిమి చూశాడు. అది ఆయన చేతుల్లో నిమ్మళంగా ఉంది. ఆయన దాన్ని తిరిగి వెంకటేశ్వర్లు చేతుల్లోనే పెట్టాడు.

"మీ ఎంబడి పడ్డదాన్ని నాకెందుకిస్తున్నరు? మీరే సాదుకోండ్రి."

వెంకటేశ్వర్లు దాన్ని రెండు చేతులతో జాగ్రత్తగా పట్టుకున్నాడు. "మిర్యాలగూడ వాళ్లకు వద్దని చెప్పేశాను సోమయ్య గారూ. మా వాళ్లు నాలుగు మాటలంటారు. అననివ్వండి. షెడ్డు ఖాళీ అయిన రోజు వాళ్లెవరూ రాలేదు. మా అమ్మాయిని మీ ఇంటికి ఇస్తాను. తీసుకుంటారా?"

లక్ష్మీనర్సమ్మ గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. సాయితేజ నేల చూపులు చూస్తున్నాడు. తలెత్తితే కళ్లనీళ్లు అందరికీ కనబడతాయి.

సోమయ్య సుకన్య వైపు తిరిగాడు. "ఇచ్చుడు, తీసుకునుడు మాది కాదు. పిల్లనడగాలె. బిడ్డా, నా కొడుకు కరెంటు స్తంభాలెక్కెటోడు. మాది రేకుల ఇల్లు. నువ్వేమంటవ్?"

సుకన్య ఏదో గడుసుగా అందామనుకుంది. సాయితేజ వైపు చూసింది. అతను అప్పుడే తలెత్తాడు. ఆ ముఖం చూశాక అనుకున్న మాటలన్నీ పోయాయి.

"మామయ్యా..." అంది.

ఎవరూ ఆ మాట పూర్తి చెయ్యమనలేదు. లక్ష్మీనర్సమ్మ మెట్లు దిగివచ్చి, ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది.